ఆగస్టు సీసాలో చలికాలం నీళ్లు

మురళీ,

ఫోనెత్తడం లేదు గనుక రాస్తున్నాను. అమ్మ కంట పడనీయకు.

నా పరిశోధన కోసం సాగర్ దీవి దగ్గర సముద్రంలో పట్టానని ఆగస్టులో నువ్విచ్చిన నీళ్ల సీసాను మైక్రోస్కోపు కింద చూశాను. వానలకు నది మట్టినీ ఎరువులనూ మోసుకొచ్చే నెలలో మంచినీటి పచ్చనాచు విపరీతంగా ఉండాలి. ఇందులో అన్నీ చలికాలంలో పెరిగే గాజుపెంకుల నాచు, డయాటమ్‌లే. జనవరిలో పట్టి, పాడవకుండా మందు కలిపి ఇంట్లో దాచిన సీసా నుంచి వంచి ఇచ్చావని అనుమానం వచ్చింది.

మెటియాబ్రుజ్ రేవుకెళ్లి లాంచీ గవరయ్య మామని అడిగాను.

"మా లాంచీ కుర్రోడు నవదీప్ నీళ్లల్లో పడి సచ్చిపోయిన కాణ్ణించీ నీ తమ్ముడు నా లాంచీ ఎక్కనేదమ్మా. నీకు సెప్పనేదేటి?" అన్నాడు.

మరి రోజూ పొద్దున్నే క్యారేజీ పట్టుకుని ఎక్కడికి వెళ్తున్నావు?

ఆగస్టు నీళ్లు లేవని మా గైడ్ సార్‌కి చెప్పేశాను. కోప్పడ్డారు. సెప్టెంబరు నీళ్లకు నేనే వెళ్తాను. సముద్రమంటే భయమేస్తే నువ్వు మళ్లీ ఎక్కనక్కర్లేదు.

కానీ నవదీప్ పడినప్పుడు పక్కనున్నది మురళేనా అని అడిగితే, మామ తాడు చుట్టడం మొదలుపెట్టాడు. ఆ జవాబు నాకు నీ నోటి నుంచే కావాలి. ఆదివారం వస్తున్నాను, ఇంట్లో ఉండు.

అక్క