నిర్ణా మందిరంలో ఆఖరి ఫోటో

ఆగస్టు 19, మంగళవారం

ఎజ్రా అన్న తన పద్నాలుగు ఎంఎం లెన్స్ ఇచ్చాడు. హుమ్నాబాద్‌లో ఆయన స్టూడియో నడిచినంతకాలం ఎవరినీ ముట్టుకోనివ్వని లెన్స్. రెండు రోజులకు అడిగితే, పని అయ్యేదాక నీ దగ్గరనే ఉండనియ్ అన్నాడు. ఆటోఫోకస్ లేదు. రింగ్ చేత్తో తిప్పుకోవాలి. జర నిమ్మళంగ తిప్పు చెల్లె, దీనికి ఆగమాగం పనికిరాదు అన్నాడు.

పని ఇదీ. నిర్ణాలో అమ్మ వాళ్ల సంఘం ప్రార్థన మందిరం పాత మట్టి మిద్దె. వచ్చే నెల దాన్ని తీసేసి కొత్తది కడతారు. ముప్పై ఒకటిన ఆఖరి ఆరాధన. సంఘమంతా లోపల కూర్చున్న ఒక్క ఫోటో కావాలని జయానందం పాస్టర్ గారు అడిగారు. గది చిన్నది. నా దగ్గరున్న లెన్స్‌తో గోడకు వీపు ఆనించి తీసినా సగం మందే వస్తారు. ఇందులోనైతే గదంతా పడుతుంది.

ఆగస్టు 21

అన్నీ బ్లర్.

ఆగస్టు 23, పొద్దున

ప్రాక్టీసు కోసం గాంధీ గంజ్ మార్కెట్‌కు వెళ్లాను. కంది బస్తాల సందులో నిలబడి తీస్తే ముందున్న బస్తా గదంత వచ్చింది, వెనకున్న లారీ అగ్గిపెట్టెంత. అంచున నిలబడ్డ హమాలీ హన్మయ్య ముఖం పక్కకు సాగిపోయింది. చూపించాను. గిది నేనేనా బిడ్డా, గుమ్మడికాయ లెక్కున్న అని నవ్వాడు. నడుమకు వచ్చి ఇంకోటి తీయించుకున్నాడు. అది బాగా వచ్చింది.

కాబట్టి అంచుల్లో మనుషుల్ని పెట్టకూడదు. అక్కడ గోడలూ కప్పూ ఉండనివ్వాలి. స్క్రీన్ మీద జూమ్ చేసి చూస్తూ రింగ్ తిప్పాలి. నడుమ ఒక్కటే చూసి వదిలేస్తే మూలలు చెడిపోతాయి.

ఆగస్టు 28

వాన తెరిపివ్వడం లేదు. ఇంట్లోనే అల్మారాల, తలుపుల ఫోటోలు తీస్తున్నాను. రింగ్ తిప్పుతుంటే చెక్క మీది గీతలు మెల్లగా తేలి వస్తాయి. ఇన్నేళ్లూ నా బదులు కెమెరాయే చూసింది. ఇప్పుడు నేను చూస్తున్నాను. హాయిగా ఉంది.

ఆగస్టు 31, సాయంత్రం

వరసగా రాస్తాను.

ఆరాధన అయ్యాక అందరినీ నడుమకు జరిపాను. ముందు చాపల మీద పిల్లలు, వెనక ఆడవాళ్లు, ఆ వెనక మగవాళ్లు. ముందు వరసలో కుర్చీ మీద ఏసప్ప తాత. ఆ గోడలకు మన్ను తొక్కినవాళ్లలో ఇప్పుడు మిగిలింది ఆయనే. తలుపుకు ఎదురుగా ఉన్న మూలలో ట్రైపాడ్ పెట్టాను.

ఒకటి తీసి జూమ్ చేశాను. ముఖాలన్నీ స్పష్టంగా ఉన్నాయి. అదే జూమ్‌తో ఎడమవైపు పై మూల చూశాను. దూలం గోడలోకి దిగే చోట వేలు పట్టేంత నల్లటి సందు. పాత మిద్దె కదా అనుకున్నాను. పిల్లలు కుదురుకునేదాకా ఆగి రెండోది తీశాను. మళ్లీ అదే మూల చూశాను. సందు పెద్దదైంది. అందులోంచి బయటి వెలుతురు కనిపిస్తోంది. కెమెరా కదల్లేదు. దూలం కదిలింది.

ఉన్నది ఒకటే తలుపు. కప్పు కూలుతోందంటే ఒకరినొకరు తొక్కుకుంటారు. లోపల వెలుగు చాలతలేదు, బయట తీస్తా, పిల్లలు ముందుగాల నడవండ్రి అన్నాను. ఇప్పుడే గదా సర్దుకొని కూసున్నం, మల్ల లేవాల్నా అని ఆడవాళ్ల వరసలోంచి మహాదేవి అక్క విసుక్కుంది. పాస్టర్ గారు నా ముఖం చూశారు. తలుపు దగ్గరికి వెళ్లి, పాట ఎత్తుకుని, ఒక్కొక్కరినీ భుజం పట్టి బయటికి పంపారు.

ఏసప్ప తాత కదల్లేదు. నా ఫోటో ఈడనే తియ్యి, బయట నాకేం పని అన్నాడు. మహాదేవి అక్కా నేనూ కుర్చీతో సహా ఎత్తాం. పాస్టర్ గారు మా వెనకే వచ్చారు.

వేపచెట్టు కింద తాతను దించుతుంటే చప్పుడైంది. పెద్దగా కాదు, బస్తాలు జారినట్టు. తలుపులోంచి దుమ్ము బయటికి ఎగిసింది. తల్లులు పిల్లల తలలు తడుముకున్నారు. అందరూ ఉన్నారు.

కెమెరా లోపలే ఉండిపోయింది.

సెప్టెంబర్ 1

మన్ను తోడి కెమెరా తీశారు. కార్డు బతికింది. లెన్స్ ముందు అద్దం పొడిపొడి.

పొద్దుటి నుంచీ ధైర్యం చాలక, మధ్యాహ్నం ఎజ్రా అన్నకు ఫోన్ చేశాను. లెన్స్ పోయింది అన్నా అని, జరిగిందంతా చెప్పాను. ఎవరికన్న దెబ్బ తాకిందా అని అడిగాడు. లేదన్నాను. మరెందుకు పరేషాన్ అయితవు, అద్దమే గదా పోయింది అన్నాడు.

అప్పుడు ఏడుపొచ్చింది.

సెప్టెంబర్ 4

రెండో ఫోటో ప్రింట్ చేసి నిర్ణాకు పట్టుకెళ్లాను. మహాదేవి అక్క తన ముఖం చూసుకోలేదు, చాలాసేపు ఆ మూలనే చూసింది. అది కత్తిరించి ఇంకో ప్రింట్ ఇవ్వనా అన్నాను. వద్దు, పిల్లలకు చూపియ్యాలె అంది. వద్దంటున్నా వినకుండా జొన్నరొట్టెలు కట్టి ఇచ్చింది.

ప్రార్థనలో పాస్టర్ గారు నా పేరెత్తి స్తోత్రం చెల్లించారు. ఎటు చూడాలో తెలియలేదు. నేను కళ్లు మూసుకుని దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను. ఎజ్రా అన్నకు చెప్పుకున్నాను. ఏ దేశంలోనో కూర్చుని ఆ అద్దాన్ని అరగదీసిన మనిషికి కూడా.

సెప్టెంబర్ 9

ఏసప్ప తాత ఎవరి ఫోన్ నుంచో చేశాడు. బువ్వ తిన్నవా బిడ్డా అని అడిగాడు. తిన్నాను తాతా అన్నాను. మంచిది అని పెట్టేశాడు.