మా పిల్ల మీద వేసిన నిషేధం ఎత్తివేయవద్దని

కాలేజీ క్రీడా నిబంధనల అమలు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పరుగు క్రీడాకారిణి, కాలేజీలో అందరూ ‘బాణం’ అని పిలిచే నా మనవరాలిపై తమరు విధించిన నిషేధాన్ని ఎత్తివేయవద్దనియు, సీటు మాత్రం తీసివేయవద్దనియు కోరుట గురించి.

తమ కాలేజీ వెనక వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకుని బతికే ముసలిదానిని. నాకు చదువు లేదు. నేను చెబుతుంటే రాస్తున్నది రిటైరైన గుమస్తా గారు. ఇందులో మర్యాద మాటలు ఆయనవి, మిగతావి నావి. నిషేధం ఎత్తేయమని వచ్చే అర్జీలు తమరు చాలా చూసి ఉంటారు. ఇది ఆ జాతిది కాదు. తిరగేసి చదవకుండా నిదానంగా చదవండి.

1. ఆదివారం హాస్టలు నుంచి ఇంటికి వచ్చిన పిల్ల కుడి మోకాలు వాచి ఉన్నదనియు, మెట్లు వెనక్కి తిరిగి గోడ పట్టుకుని దిగుచున్నదనియు కళ్ళారా చూచి, మర్నాడు మైదానం గేటు దగ్గర కోచ్ గారిని నేను నిలదీసిన మాట వాస్తవము. “అమ్మమ్మగారూ, లోపలికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం” అన్నారాయన. “నన్ను కూర్చోబెట్టడం తర్వాత బాబూ, ముందు దాన్ని కూర్చోబెట్టు” అన్నాను. ఇంకా కొన్ని అన్నాను. అవి రాయనని గుమస్తా గారు కలం కింద పెట్టేశారు. తమరు ఎలాగూ వీడియోలో విన్నారు.

2. సదరు వీడియో తీసినదెవరో నాకు తెలియదు. ఫోను నాది కాదు, పట్టుకున్న చెయ్యి నాది కాదు, నోరొక్కటే నాది. సాయంత్రానికల్లా ఊరంతా చూసింది. బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు నా పక్కన నిలబడి ఫోటోలు దిగారు. నేను నవ్వాను కూడా. అక్కడ పిల్ల కొంప మునుగుతోందని నాకేం తెలుసు?

3. జట్టులో ఎవరి గాయం సంగతీ సామాజిక మాధ్యమాలకు ఎక్కరాదనియు, ఇంటివాళ్ళ వల్ల ఎక్కినా బాధ్యత ఆటగాళ్ళదే అనియు నిబంధన కలదట. పిల్ల దానికి సంతకం పెట్టిందట. అందుచేత దాన్ని పరుగు నుంచి నిషేధించారు. గాయం లేదని వీడియో పెడితే నిషేధం తీసేస్తారట, పెట్టకపోతే స్పోర్ట్స్ సీటూ హాస్టలు గదీ రెండూ పోతాయట. అయ్యా, వాపు లేదని ఫోనులో చెబితే వాపు పోతుందా? పోయేటట్టయితే నా నడుం నొప్పి మీద కూడా ఒక వీడియో తీయించండి.

4. ముందు నా చేతనే చెప్పించాలని తమ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి బండి దగ్గరికి వచ్చింది. “మామ్మగారూ, నేను అన్నట్టే అనండి చాలు. నా మనవరాలికి ఏ దెబ్బా లేదు, తెలియక మాట్లాడాను, అంతే” అంది. అబద్ధమాడటం చేతకాని మనిషిని కాను. ఇస్త్రీలో కాలిన చొక్కాని ‘మీరిచ్చినప్పుడే ఇలా ఉంది’ అని దబాయించి ఇచ్చినదాన్ని. కానీ ‘ఏ దెబ్బా’ అనేదాకా వచ్చి నా నోరు కట్టేసినట్టయింది. మళ్ళీ అనమంది, మళ్ళీ అక్కడే ఆగింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఏడుపు పనికిరాదని ఆ అమ్మాయి ఫోను సంచిలో పెట్టేసుకుంది. మంచిపిల్లే పాపం, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి పోయింది.

5. నిన్న నా మనవరాలు తానే ఆ పని చేసింది. బండి పక్కన నిలబడి, ఫోనుకేసి నవ్వి, ‘నేను బాగున్నాను, మా అమ్మమ్మ పెద్దది కదా, కంగారు పడింది’ అని చెప్పి, ఆ కాలి మీదే రెండు గెంతులు గెంతి చూపించింది. ఫోను దించీ దించగానే బట్టల మూట మీద కూలబడి, ఎవరిదో దుప్పటి చెరగు నోట్లో కుక్కుకుంది. అరుపు బయటికి రాకుండా. కాసేపటికి అది తీసి, “బాగా వచ్చిందా అమ్మమ్మా?” అని అడిగింది.

బాగా వచ్చిందయ్యా. అందరూ దాని కింద గుండె గుర్తులు పెడుతున్నారు. తమ ఆఫీసు కూడా పెట్టిందట.

6. శనివారం పందెం. ఇంట్లో నా కూతురు, అంటే పిల్ల తల్లి, అది కూడా పిల్ల వైపే. “నీ నోటి వల్లే ఇంత వచ్చిందమ్మా. సీటు పోతే దాన్ని నేను చదివించగలనా? ఈ ఒక్క పందెం పరిగెత్తనీ” అంటోంది. దాన్నీ తప్పు పట్టలేను. డాక్టరు దగ్గరికి పోదాం పదవే అంటే పిల్ల కదలదు. ఆయన పరిగెత్తవద్దంటాడని దానికీ తెలుసు. ఇంతమందిలో వద్దనేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నా మాట ఎవరూ వినరు. తమ మాట వింటారు.

కావున తమరు దయతలచి, వీడియో సరిగ్గా రాలేదనో, గెంతులు చాలలేదనో, ఏదో ఒక నిబంధన చూపించి, వాపు దిగేవరకు నిషేధమును యథాతథముగా ఉంచవలెను. కాలేజీకి సంబంధం లేని డాక్టరుకు చూపించవలెను. సీటూ గదీ దానికి ఉండనివ్వవలెను. తప్పు చేసింది నా నోరు. దాని కాలికి శిక్ష ఎందుకు? మైదానం ఛాయలకు రావద్దంటే రాను. బండి ఇంకో వీధికి తోసుకుపొమ్మంటే తోసుకుపోతాను. ఈ అర్జీని శనివారం లోపల చిత్తగించవలెను. ఆ తర్వాత చిత్తగించినా ఒకటే, చించేసినా ఒకటే.

ఇట్లు,
పిల్ల కాలు దక్కితే ఎన్నటికీ తమ విధేయురాలు,
ఇస్త్రీ బండి మామ్మ
(ఎడమ బొటనవేలి ముద్ర)

మరొక మాట: ఈ అర్జీ పెట్టింది నేనని పిల్లకు చెప్పవద్దని, రూలు ఒప్పుకోలేదని మాత్రం చెప్పమని ఇక్కడ రాయించాను. గుమస్తా గారు చదివి వినిపిస్తే, తమ చేత కూడా ఒక అబద్ధం ఆడిస్తున్నాననిపించింది. కొట్టేయమన్నాను. మీ అమ్మమ్మే అడ్డుపడిందని చెప్పండి. అది ఇక నాతో మాట్లాడదు. నా బండి ముందు నుంచే మొహం తిప్పుకుని పోతుంది. పోనివ్వండి. కుంటకుండా పోతే చాలు.