ఆ డబ్బాలో మసక ఉండదు

నా ఇల్లాలికి,

ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వూ, నీ వెల్డింగు మిషనూ, నీ చేతికింద పనిచేసేవాళ్ళూ క్షేమమని తలుస్తూ రాస్తున్నాను. నీ ఉత్తరం గురువారం అందింది. ముందు మీ అమ్మగారు చదివారు, తర్వాత జడ్జిగారు చదివింది, నా వంతు వచ్చేసరికి దాని మీద టీ మరక కూడా పడి ఉంది. పద్నాలుగేళ్ళకే ఇంట్లో ప్రతిదాని మీదా తీర్పు చెబుతుందని మన అమ్మాయికి నువ్వు పెట్టిన ఆ పేరు ఇప్పుడు వీధంతా పాకింది. మొన్న కూరగాయలమ్మే ఆవిడ కూడా 'జడ్జిగారూ, ఈ వంకాయలు ఎలా ఉన్నాయో మీరే చెప్పండి' అంది. పుచ్చాయని చెప్పి వచ్చింది నీ కూతురు.

వంటింటి కుళాయి ఇంకా కారుతోందా అని అడిగావు. కారడం లేదు. నేనే బాగుచేశానని రాయాలని ఉంది గానీ ఈ ఉత్తరం పోస్టులో వేసేది జడ్జిగారు, దారిలో విప్పి చదవదని నమ్మకం లేదు. ప్లంబరు వచ్చి వాషరు మార్చి వెళ్ళాడు. మీ అమ్మగారి మోకాలు పరవాలేదు. మెట్లు దిగేటప్పుడు మూలుగుతారు, ఎదురింటి ఆవిడతో మాట్లాడ్డానికి దిగేటప్పుడు మాత్రం మూలగరు. నా అక్షరాలు ఈమధ్య గుమ్మడికాయలంత అవుతున్నాయేమిటని కూడా అడిగావు. కాగితాలు ఎక్కువైతే నువ్వు చదువుకునే సేపు పెరుగుతుందని అలా రాస్తున్నాను. చాలా జవాబు?

ఇక నువ్వు కింద రెండు గీతలు గీసి మరీ అడిగిన ప్రశ్న. 'టీవీలో నన్ను చూశారా? ఎలా ఉన్నాను?' అన్నావు. చూశాం. బాగున్నావు. దాని వెనక పెద్ద కథ ఉంది, మొదటి నుంచి చెప్పనీ. నువ్వు పనిచేసే వంతెన దగ్గర ఫోను సరిగ్గా దొరకదని నువ్వంటావు గానీ నాకు ఉత్తరమే నయం. ఫోనులో అయితే నా మాట సగంలో ఉండగానే నువ్వు మిగతా సగం చెప్పేస్తావు.

మన టీవీ సంగతి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నీ మొదటి జీతంతో కొన్నది, వెనక వీపు లావుగా ఉండి బల్ల సగం ఆక్రమించేది. దాంట్లో బొమ్మ మసగ్గా వస్తోందని ఏడాదిగా నేను మొత్తుకుంటూనే ఉన్నాను, మీరెవరూ పట్టించుకోలేదు. పోయిన నెల పాత పద్ధతి ప్రసారాలు పూర్తిగా ఆపేశారు. పొద్దున్నే పెడితే తెరనిండా చీమలు. నీ వంతెన రెండు కొసలూ కలిసిన రోజున తీసిన కార్యక్రమం ఆదివారం వేస్తారన్న నీ కబురు అంతకు నాలుగు రోజుల ముందే అందింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. కొత్త టీవీ కొందామన్నాను. మీ అమ్మగారు ఒప్పుకోలేదు.

"దాని మొదటి జీతం అది. తీసేస్తే ఊరుకోను. పాత టీవీకి తగిలించే డబ్బా ఏదో ఉందటగా, అది పెడితే గాల్లో ఊరికే వచ్చేవన్నీ వస్తాయట. అది తెండి అల్లుడుగారూ" అన్నారు. ఆ డబ్బా కోసం ఆవిడ అంత పట్టు ఎందుకు పట్టారో నాకు అప్పుడు తెలియలేదు.

రేడియో షాపు పెద్దాయన దగ్గర కొన్నాను. కన్వర్టర్ బాక్సు అంటారు. అరచేతికన్నా కాస్త పెద్దది, ముందు ఒక పచ్చదీపం. డాబా మీది యాంటెన్నా వైరు దాని వెనక దూర్చాలి, దాంట్లోంచి మూడు రంగుల వైర్లు టీవీకి పెట్టాలి. కొత్తరకం సిగ్నలును పట్టుకుని మన ముసలి టీవీకి అర్థమయ్యేట్టు మార్చి చెబుతుంది. నెలనెలా ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు.

శనివారం ఎప్పటిలాగే తలో పని పంచాను. డాబా మీద యాంటెన్నా దగ్గర నేను, కిటికీలో జడ్జిగారు, టీవీ ముందు అత్తయ్యగారు. నేను తిప్పుతాను, ఆవిడ 'వచ్చింది' అంటారు, జడ్జిగారు ఆ మాటను పైకి అరుస్తుంది, నేను ఆపేస్తాను. ఇన్నేళ్ళూ అలాగే కదా చేశాం. ఈసారి గంటన్నర తిప్పినా కుదిరితే ఒట్టు. 'వచ్చింది నాన్నా' అనగానే టక్కున ఆపేవాణ్ణి. మరుక్షణం 'పోయింది' అనేది. వచ్చింది, పోయింది, వచ్చింది, పోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అసలు మీ అమ్మమ్మ కళ్ళు తెరుచుకునే కూర్చుందా?" అని పైనుంచి అరిచాను.

"నా కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి. ఆయన చేతికే నిలకడ లేదని చెప్పు" అని కిందనుంచి జవాబు.

చివరికి జడ్జిగారే కనిపెట్టింది. ఈ డబ్బా సిగ్నలు దొరికిన వెంటనే బొమ్మ వెయ్యదట, నాలుగైదు సెకన్లు ఆలోచించుకుని అప్పుడు వేస్తుంది. 'వచ్చింది' అన్న కబురు నాకు చేరేలోపు నేను దాన్ని దాటి ముందుకు తిప్పేస్తున్నాను. "నాన్నా, ఒక్క వేలుమందం తిప్పు. పది లెక్కపెట్టు. అప్పుడు అడుగు" అంది. అలా చేస్తే పావుగంటలో పద్నాలుగు ఛానళ్ళు దొరికాయి. మీ అమ్మగారు చప్పట్లు కొట్టారు. "అద్దంలో చూసినట్టుందే, బొమ్మ" అన్నారు. నేను కిందికి వచ్చి చూశాను. నాకు ఎప్పటిలాగే మసగ్గా ఉంది. తెర తుడిచాను. పాత టీవీ కదా, దీనికి ఇంతే వస్తుందని సరిపెట్టుకున్నాను.

ఆదివారం పొద్దున్న పదింటికి కార్యక్రమం. తొమ్మిదింటికే ముగ్గురం స్నానాలు చేసి, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళలా వరసగా కూర్చున్నాం. ముందు నది చూపించారు, తర్వాత ఇంజనీర్లు మాట్లాడారు, ఎంతసేపటికీ ఆపలేదు. ఆ తర్వాత వెల్డర్లు. పన్నెండుమందిని వంతెన మీద వరసగా నిలబెట్టారు, అందరికీ ఒకేరంగు కోట్లు, మాస్కులు తలమీదికి ఎత్తుకుని. "అదుగో అమ్మ" అని జడ్జిగారు లేచి నిలబడింది. మీ అమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు. కెమెరా ఒక్కొక్కరి ముందు నుంచీ నెమ్మదిగా వెళ్ళి నీ దగ్గర కాసేపు ఆగిందట.

ఇక్కడ పెన్ను మూసి లేచి, వీధి చివరిదాకా నడిచి వచ్చి మళ్ళీ కూర్చున్నాను. ఆగిందట అని రాసిన మాట నువ్వు పట్టేసే ఉంటావు. ఇక దాచలేను. ఉత్తరం మొదట్లో ముగ్గురం క్షేమం అన్నాను, అందులో ఇద్దరి మాటే నిజం. చూశాం అన్నాను. వాళ్ళిద్దరూ చూశారు. నేను నిన్ను చూడలేదు.

నాకు కనిపించింది పన్నెండు పసుపు మచ్చలు. నువ్వు ఎప్పుడూ ఎడమకాలి మీద బరువు వేసి నిలబడతావు, ఎంతమందిలో ఉన్నా ఆ వంపు చూసి నిన్ను పట్టేసేవాణ్ణి. ఆ మచ్చలకు కాళ్ళే లేవు. ముందుకు జరిగి తెర దగ్గర ముఖం పెట్టాను, ఇంకా అలుక్కుపోయింది. "చూశావా నాన్నా?" అని జడ్జిగారు అడిగితే "చూశాను, పాపం కాస్త చిక్కింది" అన్నాను. "ఎక్కడ చిక్కింది, బాగా ఒళ్ళు చేసింది" అని అది తీర్పు చెప్పేసింది. నేను నవ్వాను. ఎనిమిది నెలల తర్వాత నువ్వు మన ఇంట్లోకి వచ్చావు, నేను నీ ముఖం పోల్చుకోలేకపోయాను.

అప్పటికీ నాకు బుద్ధి రాలేదు. మర్నాడు డబ్బా చంకలో పెట్టుకుని షాపుకు వెళ్ళి పెద్దాయన మీద ఒంటికాలి మీద లేచాను. మసక డబ్బా అంటగట్టాడని నలుగురిలో అనేశాను. ఆయన కోపగించుకోలేదు.

"బాబూ, పాతరకంలో మసక ఉండేది. ఈ డబ్బాలో ఉండదు. వస్తే నిండుగా వస్తుంది, సిగ్నలు చాలకపోతే ముక్కలై ఆగిపోతుంది, అదీ లేకపోతే తెర నల్లగా ఉంటుంది. మధ్యరకం దీనికి తెలీదు" అన్నాడు.

దాన్ని షాపులో ఉన్న కొత్త టీవీకి తగిలించాడు. బల్బు కొనుక్కోవడానికి వచ్చిన ఒకాయన్ని పిలిచి ఎలా ఉందని అడిగాడు. "బ్రహ్మాండంగా ఉంది" అన్నాడాయన. నా కళ్ళకు అదే మసక. ఇంట్లో ముసలి టీవీలో ఏ మసక ఉందో, ఈ కొత్తదాంట్లోనూ సరిగ్గా అదే ఉంది. పెద్దాయన నావైపు చూసి మెల్లిగా "మీరు ఏం పని చేస్తారు బాబూ?" అన్నాడు. బస్సు నడుపుతానని చెప్పకుండా డబ్బా మళ్ళీ చంకలో పెట్టుకుని వచ్చేశాను.

ఆరోజు రెండింటి బస్సు నాది. డిపోకు వెళ్ళి సీట్లో కూర్చున్నాను. అలవాటుగా ముందు అద్దం తుడిచాను. దిగి బయట తుడిచాను, ఎక్కి లోపల తుడిచాను. కొన్ని నెలలుగా ఆ అద్దాన్ని అలా తుడుస్తూనే ఉన్నానని అప్పుడు గుర్తొచ్చింది. కుట్టుపని చేసే ఒకావిడ సాయంత్రాలు సంచి పట్టుకుని ఏడో స్టాపులో నిలబడుతుంది. చెయ్యి ఎత్తినా నేను రెండుసార్లు ఆపకుండా పోయానని ఆవిడ ఫిర్యాదు రాసిచ్చింది. ఆవిడ చెయ్యే ఎత్తలేదని నేను సంజాయిషీ రాసిచ్చాను. ఆవిడ ఎత్తింది. నాకే కనిపించలేదు. ఆవిడ స్టాపులో కాక రోడ్డు మీద ఉండి ఉంటే ఏమయ్యేదో, ఆ ఆలోచన నన్ను ఇప్పటికీ వదలడం లేదు. నీకు చెప్పుకోవడానికి ముఖం చెల్లక ఇన్ని కాగితాలు నింపాను.

బస్సు స్టార్టు చెయ్యలేదు. దిగి వెళ్ళి తాళం సూపర్‌వైజరు బల్ల మీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. సంజాయిషీలో రాసింది అబద్ధమని కూడా చెప్పాను. తిట్టాడు, తిట్టాల్సిందే. కళ్ళ డాక్టరు కాగితం తెచ్చేదాకా బస్సు జోలికి రావద్దన్నాడు. కుట్టుపని ఆవిడ ఇల్లు కనుక్కుని వెళ్ళి తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆవిడ కుట్టు మిషను ఆపి నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత "ముందు కళ్ళు చూపించుకోండి అన్నయ్యా. మళ్ళీ మీరే వస్తే ఈసారి రెండు చేతులూ ఎత్తుతాను" అంది.

ఇంటికొచ్చి చెబితే మీ అమ్మగారు ఆశ్చర్యపోలేదు. "ఉప్పు అనుకుని పంచదార డబ్బా తీసినరోజే నాకు తెలిసింది. అడిగితే టీవీలో మసక, బల్బులో మసక, కాగితంలో మసక అని దబాయిస్తారు. అందుకే ఆ టీవీని బాగుచేయించాను. ఇంక దేని మీద నెడతారో చూద్దామని" అన్నారు. మీ అమ్మగారితో పెట్టుకోకూడదని పెళ్ళిలోనే నాకు తెలిసి ఉండాల్సింది. జడ్జిగారు మాత్రం ఏ తీర్పూ చెప్పలేదు. నా పక్కన కూర్చుని, "అయితే నువ్వు అమ్మను చూడలేదా?" అని అడిగింది. లేదన్నాను. అది ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

కంగారు పడకు. రెండు కళ్ళలోనూ శుక్లాలట. బాగా ముదిరాయట, ఇన్నాళ్ళు ఎలా నడిపారని డాక్టరు నన్ను దులిపేసింది. ఆపరేషను చేస్తే చూపు మళ్ళీ వస్తుందని గట్టిగా చెప్పింది. వచ్చే బుధవారం కుడికన్ను, నెల తర్వాత ఎడమకన్ను. నువ్వు పని వదిలేసి పరుగెత్తుకు రావద్దు, ఇక్కడ నాకు కాపలాగా ఇద్దరు ఉన్నారు. మాస్కు లేకుండా నిప్పురవ్వల వైపు చూస్తే కళ్ళు పోతాయని ఇంటిల్లిపాదికీ క్లాసు పీకేదానివి. కళ్ళ విషయంలో నీ మాట వినాల్సింది. నువ్వు తిట్టదలచుకున్నవన్నీ దాచి ఉంచుకో, వచ్చాక ఒక్కటి కూడా ఎదురు చెప్పకుండా వింటాను.

ఇంకొక్క సంగతి. ఆ డబ్బాకు పెన్‌డ్రైవు పెట్టే చోటు ఉంది. జడ్జిగారు ఆదివారం కార్యక్రమం మొత్తం అందులో ఎక్కించి ఉంచింది. నిన్న వేసి పక్కన కూర్చుని చూపిస్తానంది, 'వరసలో అమ్మ...' అంటూ ఎన్నోదానివో చెప్పబోయింది. వద్దని నోరు మూయించాను. నా అక్షరాలు చిన్నవైన రోజున నీకే తెలుస్తుంది, నాకు కట్టు విప్పారని. ఆరోజు ఇంటికొచ్చి ముందు ఆ టీవీ పెడతాను. అందుకని నిన్ను ఒక్కటే కోరుతున్నాను. వరసలో ఎన్నోదానివో ఉత్తరంలో రాయకు. నేనే వెతుక్కుంటాను.

ఇట్లు,
ప్రస్తుతానికి బస్సు లేని
మీ ఆయన