పుదీనాకు బూడిద

నాచారం, 1966, శ్రావణ గురువారం

కోడలికి వేవిళ్ళు. పుదీనా పచ్చడి ఒక్కటే కడుపులో నిలుస్తోంది. ఆ పుదీనాకే పేనుబంక పట్టింది. మా ఇంజనీరు పుత్రరత్నం డీడీటీ డబ్బా పట్టుకొచ్చాడు.

"పురుగుతోపాటు పెళ్ళాన్నీ చంపుతావురా?" అని ఆ డబ్బాను బయటపెట్టించాను.

కట్టెల పొయ్యి బూడిద చల్లితే పోయే పీడ. కానీ మా ఇంట్లో ఇప్పుడు కిరసనాయిలు స్టవ్వు. దాని గొప్ప కాలనీ అంతా చాటింది నేనే. సిగ్గు విడిచి, పాత చేటతో పక్కింటి మరియమ్మ దగ్గరికి వెళ్ళాను.

"ఏందమ్మా, గంత స్టవ్వు కొన్నరు, బూడిదకు కరువొచ్చిందా?" అని నవ్వుతూనే చేట నిండా పోసింది. "మీది జూసి మా ఆయన గూడ స్టవ్వు తెస్తనంటుండు."

సాయంత్రం బూడిద జల్లించి ఆకుల మీద చల్లాను. కోడలికి ఇంకా మూడో నెలే, బూడిద మళ్ళీ మళ్ళీ కావాలి. ఆ స్టవ్వు ఎంత కంపు కొడుతుందో రేపు మరియమ్మకు చెప్పి రావాలి.