నీ తొందర నా వేళ్లకంటింది

ఒరేయ్ మల్లేశ్,

ఎలా ఉన్నావని అడగబోయి ఆగాను. కామెర్లు నిన్ను తీసుకెళ్లి పదకొండు నెలలైంది...

మన బ్యాండ్ రెండో క్యాసెట్ తయారైంది. వింటే నమ్మవు, ఒక్క ఏడుపు పాట లేదు! వేణు ఇప్పుడు తెల్లవారడం గురించీ, తొలి వాన గురించీ రాస్తున్నాడు. గొంతు విప్పి పాడుతున్నాడు. మొదటి క్యాసెట్టప్పుడు డ్రమ్ముల వెనక నుంచి నువ్వెంత మొత్తుకున్నావు... "ఏందిరా, ఎప్పుడు జూసినా గిదే ఏడుపు? బతికున్నోళ్ల పాట ఒక్కటన్న కొడదాం పార్రి!"

నీ మాట ఇన్నాళ్లకు విన్నాం. నువ్వు లేనప్పుడు విన్నాం. ఇదేం న్యాయం?

మొదట నాకు ఒళ్లు మండింది. నీ ఏడాది తిరక్కముందే వీళ్లకింత సంతోషం ఎక్కడ దొరికిందని వేణుతో వారం రోజులు మాట్లాడలేదు. నీ మాట పట్టుకునే వాడు ఆ పాటలన్నీ రాశాడని తర్వాత తెలిసింది. నాతో చెప్పడానికి వాడికి నోరు రాలేదట.

మాదాపూర్‌లో మనం వాయించుకున్న మీ చిన్నాన్న రేకుల షెడ్డు ఇప్పుడు లేదు. ఆఫీసులు కట్టడానికి అక్కడ బండలు పేలుస్తున్నారు. మేం మదీనాగూడలో ఒక గది కిరాయికి తీసుకున్నాం. నీ చోట్లో కిరణ్ అని కొత్తవాడు కూర్చుంటున్నాడు. నిలకడగా వాయిస్తాడు. వాణ్ని తిట్టడానికి ఎంత వెతికినా సాకు దొరకలేదురా.

తప్పంతా నాది. ఆఖరి పాట రికార్డింగులో, రెండో చరణం రాగానే నా బేస్ గిటార్ ముందుకు ఉరికేది. నువ్వెప్పుడూ అక్కడే తొందరపడేవాడివి కదా... నీ వెంట పరిగెత్తీ పరిగెత్తీ నా వేళ్లకూ అదే అలవాటైంది. "మెల్లగ వాయిస్తే పాట పండుకుంటది. ఉరుకు రఘూ!" అనేవాడివి. ఉరికాను. చూస్తే పక్కన నువ్వు లేవు.

ఆరుసార్లు చెడగొట్టాను. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. పైగా కిరణ్ నా కోసం తనే వేగం పెంచబోయాడు. వద్దన్నాను. ఆ పాట నిదానంగా నడవాలి, వేణు ఒక్కో మాటా నిండుగా పలకాలి. అది నాకూ తెలుసు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నువ్వు పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. నీ డ్రమ్ములు మీ అమ్మ దగ్గరున్నాయి. నీ ఫోటో వాళ్ల గోడ మీదుంది. నాకు మిగిలింది ఆ తొందర ఒక్కటే. అదీ వదిలేస్తే నా దగ్గర నీదంటూ ఏముంటుంది, చెప్పు?

లోపలికెళ్లి ఏడోసారి వాయించాను. డ్రమ్ము తొక్కుతున్న కిరణ్ కాలి మీంచి చూపు తిప్పలేదు. ఎక్కడా ఉరకలేదు. పాట చాలా బాగా వచ్చిందిరా. అందరూ నా వీపు తట్టారు. వాళ్ల మధ్య నిలబడి నేనూ నవ్వాను... అంత ఒంటరితనం నాకెప్పుడూ తెలియదు.

నన్ను క్షమిస్తావా?

జనంలో వాళ్లతో కలిసి నడుస్తాను, పాట చెడనివ్వను. గదిలో ఒక్కణ్నే ఉన్నప్పుడు మాత్రం నీతోనే ఉరుకుతాను. ఇది నా మాట.

నీ
రఘు