పన్నెండో శబ్దం

నాన్నా,

ఈ ఉత్తరం నీ బల్ల మీద, సోల్డరింగ్ ఐరన్ స్టాండు కింద పెడుతున్నాను. పక్క గదిలోనే ఉంటూ ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఎదురుగా నిలబడితే నాకు ఏడుపొస్తుంది, నేను ఏడిస్తే నువ్వు రేడియో సౌండు పెంచుతావు. మనింట్లో అంతే కదా.

నా పాత సింథసైజర్ కీబోర్డులో బ్యాటరీ మార్చావు. నా మంచికే అయ్యుంటుంది. కానీ దాని మెమరీ అంతా ఆ బ్యాటరీ మీదే ఆధారపడి ఉంది. నిన్న సాయంత్రం ఆన్ చేస్తే, మూడేళ్లు కూర్చుని నేను తయారుచేసుకున్న పన్నెండు శబ్దాలూ లేవు. ఫ్యాక్టరీవాళ్లు పెట్టిన ట్రంపెట్లూ వయొలిన్లూ పళ్లికిలించాయి.

నా ఆల్బమ్ గురించి నీకు తెలిసింది 'ఏదో టింగుటింగుమంటుంది' అన్నంత వరకే. ఏ కంపెనీ అండా లేకుండా నేనే రాసి, నేనే వాయించి, నేనే పాడే పన్నెండు పాటలు. పాటకో శబ్దం, శబ్దానికో పేరు. 'ఫోన్లో నేను' అని ఒకటి. బీమా ఆఫీసులో వాళ్లిచ్చిన పేరుతో రోజంతా తియ్యగా మాట్లాడుతుంటానే, అది. 'నాన్న ముందు' అని ఇంకొకటి. అన్నీ బాగానే ఉన్నాయని చెప్పే పిల్ల. వీళ్లలో నేనెవరో తెలియక, అడుగుదామంటే మనిషి దొరక్క, ఆ బటన్లు తిప్పుతూ కూర్చున్నాను. అమ్మ పోయినప్పటి నుంచీ నాకు లోపల ఏమీ బాగాలేదు నాన్నా. ఆ ఒక్క మాట నోటితో చెప్పలేక ఇన్ని పాటలు కట్టాను. ముందు నీకే వినిపిద్దామనుకున్నాను.

సోమవారం రికార్డింగ్. రావట్లేదని స్టూడియో అక్కకి చెప్పేశాను. మళ్లీ మొదలుపెట్టే ఓపిక నాకు లేదు. ముప్పై ఏళ్లుగా ఇదే రిపేరు పని చేస్తున్నావు, చెరిగిపోతాయని నీకు తెలియకపోవడమేమిటో మాత్రం అంతుపట్టడం లేదు. సింథసైజర్ ఎవరికైనా ఇచ్చెయ్.

నీ పిట్ట

పిట్టా, తల్లీ,

రిపేరు చీటీలు తప్ప ఉత్తరం రాసి ఎరగను. చీటీల వెనకే రాస్తున్నాను, సర్దుకో.

నాకు తెలుసమ్మా. కరెంటు ఉంచి బ్యాటరీ మారిస్తే ఏదీ చెరగదు. ఎన్నోసార్లు అలాగే మార్చాను. ఈసారి కావాలనే ప్లగ్గు పీకాను.

మెమరీ జోలికి వెళ్లే ముందు అంకెలన్నీ కాగితం మీద ఎక్కించుకోవడం నాకు అలవాటు. రెండు మధ్యాహ్నాలు కూర్చుని ఒక్కో శబ్దం వింటూ, ఏ బటన్ ఏ అంకె మీద ఉందో రాశాను. 'నాన్న ముందు' అన్న పేరు చూసి సిగ్గేసింది. అయినా రాశాను. పన్నెండోదాని పేరు 'ఇక ఉండను'. అది విన్నాక మీ అమ్మ గుర్తొచ్చింది. పోయే ముందు వారం తను ఏదో చెప్పబోతే, నేను ఎవరిదో రేడియో విప్పుకుని తలెత్తకుండా ఊఁ కొట్టాను. ఏం చెప్పబోయిందో ఇప్పటికీ తెలియదు. నిన్ను అడుగుదామని నీ తలుపు దాకా వచ్చి, తట్టకుండానే తిరిగాను. పాడైన ముక్క తీసేస్తే వస్తువు బాగుపడుతుంది, నాకు తెలిసిన విద్య అదొక్కటే. ఆ ఒక్కటీ పోతే చాలు, మిగతావి కాగితాల మీద ఉన్నాయి కదా అని, ప్లగ్గు పీకి పాత బ్యాటరీ తీసేశాను. వెధవ పని చేశానని అప్పుడే తెలిసింది, నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు.

పదకొండు కాగితాలు ఈ చీటీలతో కలిపి సింథసైజర్ పిడికి కట్టాను. వాటి ప్రకారం తిప్పుకుంటే నీ శబ్దాలు నీకొస్తాయి. స్టూడియో అక్కకి మళ్లీ ఫోన్ చెయ్యి.

పన్నెండో కాగితం నా చొక్కా జేబులో ఉంది. దాన్ని చింపే హక్కు నాకు లేదు, నీ చేతికిచ్చే ధైర్యమూ లేదు. కావాలంటే వచ్చి అడుగు. ఆ పేరెందుకు పెట్టావో చెప్పు. విని నేనేం చెయ్యగలనో నాకే తెలియదు. బల్ల దగ్గర ఇంకో కుర్చీ వేశాను. రేడియో ప్లగ్గు పీకేశాను.

నాన్న