పచ్చగా కనిపించిన మడి

రామచంద్రపురం,
2005 ఆగస్టు.

ఒసేయ్ అశ్వినీ,

జూన్‌లో నువ్వు పంపిన విత్తనం నారు పోశాను, నాట్లు కూడా అయిపోయాయి. మా మావయ్యగారి పల్లపు చేలో, డ్రెయిన్ పక్కన, నీ మడి, నా మడి పక్కపక్కనే వేయించాను. మధ్యలో ఒక్క గట్టు. హాస్టల్లో మన మంచాల మధ్య ఉన్నంత ఎడం కూడా లేదు. పని కబురు ఇంతే. ఇప్పుడు అసలు కబురు రాస్తాను, కూర్చుని చదువు. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్‌లో నీ నవ్వు వినబడితే అనదలచుకున్నదంతా మింగేసి "భోంచేశావా?" అంటాను. ఉత్తరంలో అయితే ధైర్యంగా ఉంటుంది.

నువ్వంటే నాకు అసూయే. బాపట్ల వ్యవసాయ కాలేజీలో ఒకే గదిలో ఉండి చదువుకున్నాం. హైదరాబాద్ ల్యాబ్‌లో ఒక్క సీటుకి ఇద్దరం పరీక్ష రాశాం. నీకొచ్చింది. ఆ రోజు నీ నోట్లో స్వీటు పెట్టి, బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. నాకు రాలేదని కాదే, నీకొచ్చిందని. ఇప్పుడు నువ్వు చల్లటి గదిలో కూర్చుని, ఆకు ముక్క నలిపి, డీఎన్ఏ తీసి, జెల్ మీద గీతలు చూసి ఏ మొక్కలో ఏ జన్యువుందో చెప్పేస్తావు. నేనేమో ఇక్కడ మా చిన్న పరిశోధన కేంద్రంలో మోకాలి లోతు బురదలో నిలబడి, మొక్క ఎదిగి, మునిగి, బతికి చూపించేదాకా ఎదురుచూడాలి. నీ పేరు సైన్సు పత్రికలో అచ్చయింది. నా పేరు రేషన్ కార్డులో అచ్చయింది, అదీ తప్పుగా.

పోనీ ఇంట్లోనైనా నన్ను బతకనిస్తారా? పోయిన ఏడు నువ్వొచ్చి రెండు రోజులుండి వెళ్ళావు. ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి పెడితే రేకు చిట్లకుండా తిన్నావట. మా అత్తయ్యగారు ఇప్పటికీ చెప్పుకుంటారు. "ఆ పిల్ల ఎంత నెమ్మదిగా తిందో! నువ్వు తింటే మంచమంతా పొడేనమ్మా." మా ఆయన లోకనాథ్ గారైతే "మీ ఫ్రెండు మళ్ళీ ఎప్పుడొస్తారు?" అని నెలకోసారి అడుగుతారు. ఏం, ఇంట్లో నేనున్నది కనబడట్లేదా ఆయనకి?

మన పాత పోట్లాట గుర్తుందిగా? వరి వరదలో మునిగితే ఏం చేయాలి అని. గబగబా ఎదిగి తల నీళ్ళపైకి పెట్టాలి అనేదాన్ని నేను. ఎదుగుదల ఆపేసుకుని, ఒంట్లో ఉన్న చక్కెర దాచుకుని, నీళ్ళు పోయేదాకా ఊరుకోవాలి అనేదానివి నువ్వు. మునిగిన మొక్కలో ఇథిలీన్ వాయువు చేరి 'పెరుగు, పెరుగు' అని తొందరపెడుతుందనీ, దాని మాట విననివ్వని జన్యువు ఒకటి ఉందనీ అర్ధరాత్రిదాకా నా బుర్ర తినేదానివి. ఆ జన్యువునే మన స్వర్ణ రకం వరిలోకి ఎక్కించి పంపావు. దాని పక్క మడిలో ఉన్నది నా పొడుగు వరి. ఏళ్ళ తరబడి ఏరి ఏరి నిలబెట్టుకున్నది.

ఈ ఏడు పొలంలో ఫలితం చూపించకపోతే మీ ల్యాబ్‌వాళ్ళు నీ పని ఆపేస్తారని రాశావు. చదివి అయ్యో అనుకున్నాను. ఆ వెంటనే, ఆపేస్తే బాగుణ్ణు అనుకున్నాను. రెండూ నేనే అనుకున్నాను. ఇక వరద రావాలి. వస్తే తేలిపోతుంది.

ఓర్వలేని నీ
సాయి

*

రామచంద్రపురం,
సెప్టెంబరు.

అశ్వినికి,

వరద వచ్చింది. డ్రెయిన్ పొంగి చేలన్నీ చెరువైపోయాయి. వారం పైగా రెండు మళ్ళూ నీళ్ళ కిందే ఉన్నాయి. ముందు తలెత్తింది నాదే. మావయ్యగారు గట్టు మీద నిలబడి "తలెత్తిందమ్మా, నీ వరి తలెత్తింది!" అని ఊరంతా వినబడేలా కేకేశారు. చుట్టుపక్కల రైతులంతా వచ్చి చూసి వెళ్ళారు. ఇక్కడ ముంపు తీశాక పద్ధతి అదేగా. తలెత్తిన చేను ఉంచుతారు. ఎత్తనిది దున్నేసి, ఎవరి దగ్గరైనా నారు మిగిలితే తెచ్చి మళ్ళీ నాట్లు ఊడుస్తారు.

నిన్న నీళ్ళు తీశాయి. నా మడి నడుం ఎత్తున పచ్చగా నిలబడి ఉంది. నీది పొట్టిగా, బురద పట్టి, పసుపు తిరిగి నేలకి అతుక్కుపోయింది. పోయిందే అశ్వినీ. నీ వరి పోయింది.

ఏడుపు వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. ఇంటికొచ్చి తలకి పోసుకుని మంచి చీర కట్టుకున్నాను. "ఏంటమ్మా, ఇవాళేం పండగ?" అన్నారు అత్తయ్యగారు. గుత్తివంకాయ కూర చేసి, మారు వడ్డించుకుని మరీ తిన్నాను. నీకు కాక ఎవరికి చెప్పుకుంటాను ఇలాంటివి?

నారు దొరికింది కాబట్టి నీ మడి దున్నించేస్తానంటున్నారు మావయ్యగారు. నీ మాట కోసం ఆగారు. దున్నమంటావా? ఫోను లైన్లు బాగయ్యాయి, ఫోన్ చేసినా సరే.

సాయిదుర్గ

*

రామచంద్రపురం,
అక్టోబరు.

అశ్వినీ, నా తల్లీ,

నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను పొలంలో ఉన్నాను. మా ఆయన తీశారు. నువ్వన్న మాటలు సాయంత్రం నాకు అప్పజెప్పారు. "సాయి చూసిందిగా. సాయి చూస్తే నేను చూసినట్టే. దున్నేయమనండి. దాన్ని బెంగ పెట్టుకోవద్దనండి."

నీళ్ళు తీసి ఎన్నాళ్ళయిందని అడగలేదేంటే నువ్వు? మునిగిన వరి చచ్చిందో బతికిందో నీళ్ళు తీసిన మర్నాడే చెప్పకూడదు. రెండు వారాలు ఆగి, కొత్త ఆకు వేసిన దుబ్బులు లెక్కపెట్టాలి. ఒకే క్లాసులో, ఒకే బల్ల మీద కూర్చుని విన్న పాఠం మనిద్దరం. మావయ్యగారికి తెలియకపోవచ్చు, నాకు తెలియదా? తెలిసే రాశాను. నువ్వు ఒక్క ప్రశ్న వేస్తే దొరికిపోతానని కూడా తెలుసు. నువ్వు వేయలేదు. ఆ నమ్మకం చూసి ఎంత ఒళ్ళు మండిందనుకున్నావ్! ఇందులో కూడా నాకంటే నువ్వే పైన ఉండాలా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే మా ట్రాక్టరు తోలే రాముడు, దానికి బురద దున్నే దమ్ము చక్రాలు తగిలించి తీసుకొచ్చాడు. నేను గట్టు మీద కూర్చున్నాను. చేతులు ఊరుకోక నీ మడిలోంచి ఒక దుబ్బు పీకి, మొదలు గోటితో చీల్చి చూశాను. లోపల తెల్లగా, గట్టిగా, చలవగా ఉంది. బతికుందే! అప్పుడు నా మడిలోంచి ఒకటి పీకాను. పైన అంత పచ్చటి ఆకు ఉంది కానీ, మొదలు నొక్కితే మెత్తగా నలిగిపోయి కుళ్ళు వాసన కొట్టింది. అంత ఎత్తు సాగడానికి ఒంట్లో ఉన్నదంతా ఖర్చు పెట్టేసింది పిచ్చిది. నేను చీల్చి చూడటం ఎవరూ చూడలేదు. రెండు దుబ్బులూ నా ఒళ్ళో ఉన్నాయి. రాముడు ఇంజను స్టార్ట్ చేశాడు.

ఇక్కడ నీకు అబద్ధం రాయను. మొదటి చుట్టు తిరగనిచ్చాను. ఆ చక్రాల కింద నీ దుబ్బులు బురదలోకి పోతుంటే చూస్తూ కూర్చున్నాను. ఆ కాసేపూ నాకు హాయిగానే ఉంది.

ట్రాక్టరు రెండో చుట్టుకి మళ్ళుతుంటే మావయ్యగారు నా పక్కకొచ్చి నిలబడ్డారు. "పాపం, ఎంత కష్టపడిందో ఆ పిల్ల. నువ్వు చూసి చెప్పావు కాబట్టి సరిపోయిందమ్మా. ఇంకొకళ్ళు చెబితే ఓర్వలేక చెప్పారనుకునేవాళ్ళం" అన్నారు.

ఇక కూర్చోలేకపోయాను. చీర తడుస్తుందని కూడా చూడకుండా మడిలోకి దూకాను. "రాముడూ, ఆపు!"

"ఆయ్! ఏంటండీ, పామాండీ?" అన్నాడు.

"పాము కాదు, నేనే" అన్నాను.

మావయ్యగారు గట్టు మీంచి కంగారుగా "ఏంటమ్మా, ఏమైంది?" అన్నారు.

"ఇది బతికుందండి. దున్నాల్సింది నా మడి."

"పచ్చగా ఉన్నదాన్ని దున్నుతారా ఎవరైనా? ఒంట్లో బాగుందా నీకు?"

దుబ్బులు రెండూ ఆయన చేతిలో పెట్టాను. ఒక్కొక్కటీ మొదలు నొక్కి చూశారు, వాసన చూశారు. "మరి మొన్న పోయిందన్నావు?" అన్నారు.

"ఓర్వలేక అన్నానండి."

తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ట్రాక్టరు ఇంటికి పంపేసి, ముందు నడిచి వెళ్ళిపోయారు.

ఆ వారంలోనే నా మడి మడంతా నడుం విరిగి పడిపోయింది. నీ దాంట్లో ఎండిన ఆకుల మధ్యనుంచి కొత్త ఆకు లేచింది. ఇవాళ లెక్కపెట్టాను. ఈసారి ఆగవలసినంతా ఆగి మరీ లెక్కపెట్టాను. ట్రాక్టరు తొక్కింది పోగా, నూటికి ఎనభై పైనే బతికాయి. మీవాళ్ళకి చూపించు. ఇక నీ పని ఎలా ఆపుతారో చూద్దాం.

అసూయ పోయిందని రాస్తే నవ్వుతావు. పోలేదు. నీ మడి పచ్చబడుతున్న కొద్దీ ఇంకా మండుతోంది. కానీ పొద్దున్న లేవగానే ముందు అటే వెళుతున్నాను, పీతలు గట్టు తొలిచేశాయేమోనని. నిన్న పక్కింటి చిట్టెమ్మ గారి మేక అందులో దిగితే కర్ర పుచ్చుకుని డ్రెయిన్ దాకా తరిమాను. చిట్టెమ్మ గారు ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు.

దున్నేసిన ఆ చుట్టులో నారు ఊడ్పిస్తానన్నారు మావయ్యగారు. వద్దన్నాను. దాన్ని అలాగే ఖాళీగా ఉంచాను. కోతకి నువ్వే రా. పూతరేకులు తెప్పిస్తాను. నీ ఎదురుగా కూర్చుని మంచమంతా పొడి చేసుకుంటూ తింటాను, మా అత్తయ్యగారు ఏమన్నా సరే. అంతకంటే ముందు చేలోకి వెళ్ళి ఆ ఖాళీ చుట్టు నీ కళ్ళతో నువ్వు చూసిరా. చూసొచ్చాక చెప్పు, సాయి చూస్తే నువ్వు చూసినట్టేనా అని.

నీ
సాయిదుర్గ